తనుశ్రీ వాంగ్మూలం

మహేంద్ర పేరు కాగితం మీదికి ఎక్కాలి. ఆ ఎండాకాలమంతా నాకు వేరే కోరిక లేదు. పొద్దున లేస్తే అదే, ఎసరు పెడుతుంటే అదే, అమ్మవారి పటం ముందు చేతులు జోడించినా అదే. పిల్ల చదువు, ఇంటి క్షేమం, అవేవీ అడగలేదు. వాణ్ణి నలుగురిలో తలదించుకునేలా చెయ్యి తల్లీ, తర్వాత నీ ఇష్టం అన్నాను.

మహేంద్ర మా ఆయన చంద్రకాంత్ పనిచేసిన మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. శివరాత్రికి ముందటి ఆదివారం మందులు మరిగించే రియాక్టర్ దగ్గర ఆవిర్లు పీల్చి మా ఆయన అక్కడే కూలిపోయాడు. ఆస్పత్రికి చేరేలోగా ప్రాణం పోయింది. దినాలు కూడా కాకముందే కంపెనీ రిపోర్టు తయారైంది. కార్మికుడు రక్షణ మాస్కును తనంతట తానే తొలగించుకున్నందువల్ల, అని రాశారు. కింద మహేంద్ర సంతకం. తనంతట తానేనట! బండి మీద ఇస్నాపూర్ చౌరస్తా దాకా పోవాలన్నా హెల్మెట్ పెట్టుకునే మనిషి. మిక్సీ వేసేటప్పుడు చెప్పులేసుకొమ్మని నన్ను సతాయించే మనిషి. వాడి చేతులు పడిపోను, ఆ మాట ఎలా రాశాడో!

నిజమేమిటో మా ఆయనతో పనిచేసే యాదన్నకు తెలుసు. ఒకనాడు చిట్కుల్‌లో మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడప దగ్గరే నిలబడి చెప్పాడు.

"మాస్కుకు పెట్టే, గాలి వడగట్టే డబ్బీ అయిపోయింది వదినె. కొత్తది కావాల్నంటే పాతది స్టోర్‌ల ఇచ్చి తీస్కోవాలె. ఆదివారం స్టోర్ బంద్. ఇన్‌ఛార్జి సారేమో తడి తువ్వాల కట్టుకో, గంట సేపు అడ్జస్ట్ చేస్కో అన్నడు."

"మరి గీ మాటే సర్కారు విచారణల చెప్పు అన్నా."

"నా నౌకరి పోతది." నేల చూపులు చూశాడు. "అన్న నడుమల బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసిండు, నేను చూసిన. ఏం చెప్పిండో గా ఫోన్ ఎత్తినోళ్లకే ఎరుక."

ఎత్తింది మా తనుశ్రీ. తొమ్మిదేళ్లది. నేను వెనక నల్లా దగ్గర బట్టలు పిండుతున్నాను. మా అత్తమ్మ నర్సింహమ్మ నిద్రపోతోంది. పిల్ల ఒక్కతే ముందుగదిలో ఉంది.

ఆ మాటలేమిటని ఎన్నిసార్లు అడిగానో. బతిమాలాను, కోప్పడ్డాను, ఒకసారి రెండు దెబ్బలు కూడా వేశాను. అడిగితే చాలు, దాని పిడికిళ్లు బిగుసుకునేవి. ఊపిరి గొంతులో ఇరుక్కునేది. తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా అరుపు. ఫోన్ మోగితే అరుపు. ‘పోయి మీ అమ్మకు చెప్పు’ అని ఎవరైనా అంటే అరుపు. ఏప్రిల్‌లో బడిలో ఒక పిల్లగాడు, పెద్ద మేడం పిలుస్తుందని మీ టీచర్‌కు చెప్పిరా అన్నాడట. వాడి చెయ్యి రక్తమొచ్చేలా కొరికింది. ఇంత మొండిది ఎవరి పోలికో అని నేను తల పట్టుకున్నాను.

పెద్ద మేడం నన్ను పిలిపించి మెల్లగానే చెప్పింది. "సెలవుల్లో మన కమ్యూనిటీ హాల్లో పిల్లలకు ఊపిరి తీసుకోవడం, కోపం వస్తే ఆగడం, అలాంటివి నేర్పుతున్నారు. ఫీజు లేదు. పంపు స్వరూపా. మళ్లీ ఇట్లయితే మిగతా తల్లిదండ్రులు ఊరుకోరు."

ఊపిరి తీసుకోవడం కూడా ఒకరు నేర్పాలా అనుకుంటూనే తీసుకెళ్లాను. హాల్లో చాపలు పరిచి ఉన్నాయి. ఇరవై మంది పిల్లలు వెల్లకిలా పడుకుని, పొట్టల మీద ప్లాస్టిక్ గిన్నెలు పెట్టుకున్నారు. ఊపిరి తీస్తే గిన్నె లేస్తోంది, వదిలితే దిగుతోంది. వాళ్ల మధ్య తిరుగుతున్న సన్నటావిడ మెత్తటి కోస్తా మాటతో చెబుతోంది, "గిన్నె పడిపోకూడదు తల్లీ. తొందరేం లేదు."

నా పక్కన తన మనవణ్ణి తెచ్చుకున్న ముత్యమ్మ గుసగుసగా అంది. "ఎంత మంచి మనిషో సూడు. అంత పెద్ద ఆఫీసర్ భార్య అయ్యుండి."

"ఏ ఆఫీసర్?"

"గా మందుల కంపెనీల మహేంద్ర సారు లేడూ? ఆయన భార్య. శ్రావ్య మేడం."

ఒళ్లంతా భగ్గుమంది. మొగుడు ఊపిరి తీస్తాడు, పెళ్లాం ఊపిరి నేర్పుతుందా! పిల్లను రెక్క పట్టుకుని లాక్కుపోదామని రెండడుగులు వేశాను. అప్పటికే తనుశ్రీ ఒక ఆకుపచ్చ గిన్నె తీసుకుని పడుకుంది. గిన్నెనే చూస్తోంది. రెండు నెలలుగా నిద్రలో కూడా బిగుసుకుని ఉండే ఆ పిడికిళ్లు చాప మీద తెరుచుకుని ఉన్నాయి. నేను అక్కడే ఆగిపోయాను. ఆగినందుకు నా మీద నాకే అసహ్యమేసింది. ఫారంలో తండ్రి పేరు దగ్గర ‘లేరు’ అని మాత్రం రాసి ఇంటికొచ్చాను.

నాలుగోనాడు చేతివేళ్ల పాఠం. ఎడమచెయ్యి చాపాలి. కుడిచేతి చూపుడువేలుతో ఒక్కో వేలు అంచు వెంట పైకి పోతూ ఊపిరి తీయాలి, కిందికి దిగుతూ వదలాలి. "వదిలేటప్పుడు వేడి పాలు ఊదినట్టు" అంది శ్రావ్య. "చాయ్ ఊదినట్టు" అని సవరించింది మా పిల్ల. పిల్లలు నవ్వారు. అది నవ్వలేదు గానీ, నవ్వించినందుకు కాస్త గర్వపడింది.

అంతలో శ్రావ్య సంచిలో ఫోన్ మోగింది. తనుశ్రీ గుడ్లు తేలేసింది. గొంతులో ఆ గురక మొదలైంది. నేను లేచేలోపే శ్రావ్య దాని ముందు చతికిలబడింది. ఊరుకో అనలేదు, ముట్టుకోలేదు. తన అరచెయ్యి చాపి పెట్టింది.

"నీ చెయ్యి వద్దులే. నా చెయ్యి మీద గియ్యి. గట్టిగా గీసినా పర్లేదు."

పిల్ల గోరుతో గీసింది. ఆవిడ చెయ్యి మీద ఎర్రటి చారలు తేలుతుంటే లోపల్లోపల సంతోషపడ్డాను. ఒక వేలు, రెండు వేళ్లు. చిటికెన వేలు దగ్గరికొచ్చేసరికి గురక తగ్గింది. తలెత్తకుండానే చెప్పింది.

"డాడీ ఫోన్ చేసిండు. మాస్కు డబ్బీ అయిపోయిందన్నడు."

అంతే. మళ్లీ నోరు మూసుకుంది. శ్రావ్య ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. నేను గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నాకు నవ్వొస్తోంది. నేను కొట్టినా తెరుచుకోని నోటిని ఆవిడ తెరిపించింది. వాడి భార్యే, వాడి ఇంటి మనిషే, వాడి మీద సాక్ష్యాన్ని వేలు పట్టుకుని నడిపిస్తోంది. నడిపించు తల్లీ, బాగా నడిపించు అనుకున్నాను. ఆ రోజు నుంచి ఒక్క పూట క్లాసు మానలేదు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో కూడా గొడుగు పట్టి తీసుకెళ్లాను. జూన్ మొదటి వారంలో సంగారెడ్డిలో విచారణ. ఆ టైంకు మా ఇంటికి ఫోన్ వచ్చినట్టు కాల్ లిస్టు అధికారుల దగ్గర ఉంది కాబట్టి పాపను కూడా అడుగుతామని కబురొచ్చింది.

క్లాసులో వేళ్లు గీస్తూ తువ్వాల మాట కూడా అదే చెప్పింది. ఇంట్లో నేను తయారీ మొదలుపెట్టాను. భోజనాలయ్యాక దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకునేదాన్ని.

"వేళ్లు గీస్కో. ఇగ చెప్పు. ఎవరు తువ్వాల కట్టుకోమన్నరు?"

"ఇన్‌ఛార్జి సారు."

"పేరు చెప్పు. పేరు లేకుంటే లాభం లేదు."

"మహేంద్ర సారు." ఊపిరి తీసుకుంది. వదిలింది. "అమ్మా, మొత్తం చెప్పాల్నా?"

"మొత్తం. ఒక్క ముక్క ఇడువొద్దు."

అది నా వైపు చాలాసేపు చూసి, నీళ్లు తాగడానికి లేచిపోయింది.

మా అత్తమ్మకు ఇదంతా నచ్చలేదు. ఒక సాయంత్రం నేను చింతపండు పిసుకుతుంటే పక్కకొచ్చి కూర్చుంది.

"పసిదాని నోట్లకెల్లి పగ తీర్చుకుంటవా బిడ్డా?"

"పోయింది మీ కొడుకే గద అత్తమ్మా. తనంతట తానే సచ్చిండని రాస్తే మీకు మండుతలేదా?"

"ఎందుకు మండది? వాని కడుపు కాల, వాడు బాగుపడడు. నా కడుపుల ఉన్నంత నీ కడుపుల ఉందా?" కళ్లు తుడుచుకుంది. "గని గా పిల్ల మొఖం జెర సూడు. అది డాడీ కోసం ఏడుస్తున్నట్టు లేదు. ఎవరికో భయపడుతున్నట్టున్నది."

"మహేంద్రకే భయపడుతున్నది" అన్నాను. నాకు అంతకంటే ఆలోచించే ఓపిక లేదు. కోరిక కూడా లేదు.

విచారణకు రెండు రోజుల ముందు శ్రావ్య మా ఇంటికొచ్చింది. స్కూటీ సందు మొదట్లో ఆపి నడిచి వచ్చినట్టుంది, చెమటతో ముద్దయింది. కూర్చోమని నేను అనలేదు. మా అత్తమ్మే కుర్చీ లాగింది.

"మా ఇంటికి నోటీసు వచ్చిందండి" అంది. "అందులో పాప పేరు చూశాను. నిజానికి ఆ నాలుగో రోజే అనుమానం వచ్చింది."

"అయినా మాన్పియ్యలేదే?"

"పిల్లకి కొంచెం నెమ్మదిస్తోంది. ఎలా మాన్పిస్తాను?"

"మీ ఆయన కడుపునిండ తిని నిద్రపోతున్నడా మేడం?"

"నిద్రపోవడం లేదు." నా ముఖంలోకి సూటిగా చూసింది. "ఆయన్ని కాపాడమని అడగడానికి రాలేదు స్వరూప గారూ. ఆయన ఏం చేస్తే అది అనుభవించాల్సిందే. పాప గురించి ఒక్క మాట చెప్పిపోదామని వచ్చాను. తను సగమే చెబుతోంది. మిగతా సగం అడిగితే, అమ్మ ఉంటే చెప్పను అంటోంది. అదేమిటో నాకు తెలీదు. ముందు మీరిద్దరే కూర్చుని మాట్లాడుకోండి. అందరి మధ్యా ఒక్కసారిగా వద్దు."

ఎంత తెలివి! చివరి నిమిషంలో పిల్లను వెనక్కి లాగమని చెప్పడానికి ఎంత చక్కటి దారి దొరికిందో అనుకున్నాను.

"మీకు బాగా నేర్పిచ్చి పంపినట్టున్నడు మీ సారు" అన్నాను. "పాప వస్తది. మొత్తం చెప్తది. మీరు కూడా వచ్చి వినండి."

ఆవిడ ముఖం కందిపోయింది. గుమ్మం దాటుతూ మా అత్తమ్మకు నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. నాకు ఆ పూట అన్నం రుచిగా అనిపించింది. దాచుకోవడమెందుకు, ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

విచారణ రోజు పొద్దున్నే ఇస్నాపూర్‌లో బస్సెక్కాం. రుద్రారం దగ్గర కాలేజీ పిల్లలు దిగిపోతే సీటు దొరికింది. తనుశ్రీ కిటికీ పక్కన కూర్చుని ఒళ్లో చెయ్యి పరుచుకుని వేళ్లు గీసుకుంటూనే ఉంది. బాగా తయారైందని మురిసిపోయాను.

సంగారెడ్డిలో ఆ గది చిన్నది. పెద్ద బల్ల వెనక విచారణాధికారి మేడం, పక్కన రాసుకునే క్లర్కు. ఎడమవైపు కంపెనీ మనిషి ఒకాయన ఫైలు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన మహేంద్ర. నాలుగు నెలల తర్వాత అంత దగ్గర నుంచి చూశాను. మనిషి చిక్కాడు, గడ్డం సరిగ్గా గీసుకోలేదు. బాగైందిలే అనుకున్నాను.

"ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు పాపా" అంది అధికారి మేడం. "ఆ రోజు డాడీ ఫోన్‌లో ఏం చెప్పారో గుర్తున్నంత వరకు చెప్పు చాలు."

తనుశ్రీ బల్ల అంచు మీద ఎడమచెయ్యి పెట్టింది. కుడిచేతి వేలు బొటనవేలి అంచున పైకి ఎక్కింది, దిగింది.

"ఆదివారం. నేను టీవీ చూస్తున్న. డాడీ ఫోన్ చేసిండు. తనూ, మాస్కు డబ్బీ అయిపోయింది, స్టోర్ బంద్ ఉన్నది అన్నడు." చూపుడువేలు. "మహేంద్ర సారు తడి తువ్వాల కట్టుకోని చెయ్యమంటుండు అన్నడు. గొంతు మండుతున్నది అన్నడు."

గొంతు వణకలేదు. క్లర్కు రాస్తున్నాడు. ‘మహేంద్ర’ అన్న మాట దగ్గర అతని కలం కదలడం కళ్లారా చూశాను. మహేంద్ర జేబులోంచి రుమాలు తీసి, ముఖం తుడుచుకోకుండా చేతుల్లో నలుపుతూ కూర్చున్నాడు. నా కడుపు చల్లబడింది. చూడు చంద్రకాంత్, నీ బిడ్డ ఎలా చెబుతుందో చూడు అనుకున్నాను.

"శభాష్" అంది మేడం. "ఇంతేనా తల్లీ?"

తనుశ్రీ నా వైపు తిరిగింది. చెప్పు అన్నట్టు తలూపాను. నేనే ఊపాను.

"ఇంటికొచ్చెయ్యాల్నా, అమ్మనడుగు అన్నడు." మధ్యవేలు. "నేను ఉరికిన. అమ్మ నల్లా కాడ బట్టలు పిండుతున్నది. డాడీ ఇంటికొస్తా అంటుండు అని చెప్పిన. మాస్కు సంగతి చెప్పలే. టీవీల ప్రోగ్రాం అయిపోతదని జల్దీ చెప్పిన. అమ్మ అన్నది, నడుమల వస్తే బుధవారం సెలవియ్యరు, తమ్ముని లగ్గానికి ఎట్ల పోతం, డ్యూటీ చేసే రమ్మను అన్నది. నేను పోయి గదే చెప్పిన. డాడీ, డ్యూటీ చేసే రావాల్నట అని." ఉంగరపు వేలు దగ్గర ఆగింది. "డాడీ సరే బిడ్డా అన్నడు."

నాకు ఆ ఆదివారం గుర్తుంది. నల్లాలోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. చేతుల్లో మా ఆయన యూనిఫాం ప్యాంటే ఉంది. వెనక్కి కూడా తిరగకుండా ఏదో అన్నాను. రోజూ అనే మాటల్లో ఒకటి. నాలుగు నెలల్లో ఆ మాట నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మేడం క్లర్కు వైపు చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ తర్వాతది అక్కర్లేదు. ఇన్‌ఛార్జి చెప్పిన మాట దాకా చాలు."

కంపెనీ ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "మేడం, ఇంటివాళ్లే డ్యూటీలో ఉండమన్నారంటే, అది కూడా..."

"మిమ్మల్ని నేను అడగలేదు" అంది మేడం.

నేను నోరు మూసుకుంటే చాలు. నాకు కావాల్సింది కాగితం మీదికి ఎక్కేసింది. దాన్ని పలచన చేసే మాట ఎక్కకుండా ఆ మేడమే ఆపింది. అయినా తనుశ్రీ మేడాన్ని చూడటం లేదు, మహేంద్రను చూడటం లేదు. నన్నే చూస్తోంది. బల్ల మీద దాని చెయ్యి మెల్లగా ముడుచుకుంటోంది. దెబ్బ పడుతుందని తెలిసిన పిల్లలు ఎలా నిలబడతారో అలా నిలబడింది. పగబట్టిన కళ్లతో నాలుగు నెలలుగా దాన్ని చూస్తూ, ఎవరికి భయపడుతోందో నేను కనుక్కోలేకపోయాను.

"రాయండి మేడం" అన్నాను.

"అవసరం లేదమ్మా. ఆలోచించుకోండి. వాళ్లు దీన్ని వాడుకుంటారు."

"వాడుకోనియ్యండి. డ్యూటీ చేసే రమ్మన్నది నేను. ఎందుకొస్తుండని అడగలేదు. పిల్ల నా మాటే మోసింది, దాని మాట కాదు. గట్లనే రాయండి."

మేడం క్లర్కుకు తలూపింది. అతను రాశాడు. మహేంద్ర పేరుకు నాలుగు వరుసల కింద నా పేరు పడింది. చదివి వినిపించారు. తనుశ్రీ తన పేరు రాసింది, నేను సంతకం పెట్టాను. కంపెనీ ఆయన ఫైలు మూసుకున్న తీరు చూస్తే ఆయనకు కావాల్సింది దొరికినట్టే ఉంది. దొరకనీ. మహేంద్రను వదిలేది లేదు. ఎన్ని వాయిదాలైనా తిరుగుతాను, ఏ ఆఫీసు మెట్లయినా ఎక్కుతాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం.

"అమ్మా, కోపమొచ్చిందా?"

"వచ్చింది."

"నా మీదనా?"

"నీ మీద కాదు బిడ్డా."

"మహేంద్ర సారు మీదనా?"

"ఆయన మీద సచ్చేదాక ఉంటది."

"ఇంకా?"

ఎండ కళ్లలో పొడుస్తోంది.

"నా మీద" అన్నాను.

అది చెప్పుల పట్టీతో ఆడుకుంటూ ఆలోచించింది. "నేను టీవీ బంద్ చేసి మాస్కు సంగతి చెప్తే డాడీ వస్తుండె గద అమ్మా."

"నేను నల్లా బంద్ చేసి ఎందుకొస్తుండని అడిగినా వస్తుండె."

అప్పుడేడ్చింది. అరుపు కాదు, కొరకడం కాదు, మామూలు పిల్లలు ఏడ్చినట్టే. నా ఒళ్లో తల పెట్టుకుని, ముక్కు చీదుకుంటూ, చీర తడిసేదాకా ఏడ్చింది. నేను ఊరుకో అనలేదు.

వెనక బూట్ల చప్పుడైంది. మహేంద్ర మెట్లు దిగి వస్తున్నాడు. మా దగ్గరికొచ్చాక ఆగాడు. ఏదో అనబోయాడు. దారికి అడ్డంగా ఉన్నాం, జరగాలి. నేను తలెత్తి ఆయన్నే చూస్తూ, పిల్ల వీపు నిమురుతూ కూర్చున్నాను. జరగలేదు. ఆయనే గోడకు ఒదిగి, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ దిగిపోయాడు.